నియంతల గురించి మన దగ్గర వినబడే అపోహలు, చరిత్ర చెప్పే వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. సాయంత్రాలు గ్రూప్స్‌కు చదివేవాళ్ళకు కూడా. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య యూరప్ పాఠం మొదలుపెట్టినప్పుడల్లా వెనక బెంచీల నుంచి ఓ మాట వస్తుంది: "సార్, మన దేశానికి గూడ అసొంటోడు ఒక్కడు రావాలె. ఐదేండ్లల్ల అంత లైన్ల పడ్తది." ఇట్లా అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నోటిఫికేషన్ కోసం, ఆ తర్వాత రిజల్ట్ కోసం, ఆపైన కోర్టు తీర్పు కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసి విసిగిపోయిన పిల్లలు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. ఆ మాట వెనకున్న నమ్మకాలతోనే పేచీ. క్లాసు టైములో పూర్తిగా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "నియంత తుపాకీ పట్టుకొని వచ్చి అధికారం గుంజుకుంటాడు."

కొందరు అట్లాగే వచ్చారు. 1973 సెప్టెంబర్ 11న చిలీలో పినోచే సైన్యంతో వచ్చాడు. కానీ అందరికంటే ఎక్కువగా మనం చెప్పుకునే ఇద్దరూ పిలిస్తే వచ్చినవాళ్ళు. 1922 అక్టోబర్‌లో ముస్సోలినీ మనుషులు రోమ్ మీదికి కదిలితే, వాళ్ళను ఆపడానికి ప్రధాని సిద్ధం చేసిన ఉత్తర్వు మీద రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమని కబురు పంపాడు. ముస్సోలినీ మిలాన్‌లో రైలెక్కి దర్జాగా రోమ్‌లో దిగాడు.

హిట్లర్ సంగతి ఇంకా వివరంగా చూడాలి. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో అతని పార్టీకి ఎన్నడూ మెజారిటీ రాలేదు. 1932 జులైలో 37 శాతం, నవంబర్‌లో 33 శాతం. ఓట్లు తగ్గుతున్న మనిషిని 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఛాన్సలర్‌గా నియమించాడు. ఇతన్ని మన చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చు అనుకున్న పెద్దమనుషులు వెనక నిలబడి ఆ పని చేయించారు. ఆ మార్చి 23న పార్లమెంటు సమావేశమైంది. పార్లమెంటు భవనం కాలిపోయింది కాబట్టి క్రోల్ అనే ఒపెరా హాల్లో కూర్చున్నారు. లోపలికి వెళ్ళే దారుల్లో యూనిఫాం వేసుకున్న నాజీ దళాలు. కమ్యూనిస్టు సభ్యుల్లో ఒక్కరిని కూడా రానివ్వలేదు. పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసుకోవచ్చనే బిల్లుకు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అనుకూలంగా 444, వ్యతిరేకంగా 94 పడ్డాయి. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. వాళ్ళ నాయకుడు ఓటో వెల్స్ ఆ దళాల నడుమ నిలబడి మేము ఒప్పుకోం అని మాట్లాడాడు. మిగతా పార్టీలవాళ్ళు భయంతో కొందరు, ఆశతో కొందరు, హామీలు నమ్మి కొందరు చేతులెత్తారు. ఎవరూ గుంజుకోలేదు, రాసిచ్చారు.

అపోహ: "ఒక్కడే దేశం మొత్తాన్ని గడగడలాడించాడు."

ఈ ఒక్క అపోహ పోతే మిగతావి వాటంతటవే సగం పోతాయని నా నమ్మకం. నాజీల రహస్య పోలీసు, గెస్టాపో, ప్రతి గోడ వెనకా ఉందని జర్మన్లు అనుకునేవాళ్ళు. నిజానికి వ్యూర్జ్‌బర్గ్ నగరంలోని ఆఫీసులో 30 మంది కూడా లేరు. వాళ్ళు చూసుకోవాల్సిన జనాభా ఎనిమిది లక్షల పైచిలుకు. మరి పని ఎట్లా నడిచింది? జనమే వచ్చి చెప్పేవాళ్ళు. పక్కింటివాళ్ళ మీద, అద్దెకున్నవాళ్ళ మీద, ఆఫీసులో పోటీదారు మీద ఉత్తరాలు రాసేవాళ్ళు. ఆ ఫైళ్ళు చదివిన చరిత్రకారులకు చాలా కేసుల మూలం మామూలు మనుషుల ఫిర్యాదులోనే దొరికింది. తర్వాత తూర్పు జర్మనీలో రహస్య పోలీసు స్టాసీ దీన్నే ఓ పద్ధతిగా మార్చింది. 1989 నాటికి జీతం తీసుకునే ఉద్యోగులు సుమారు 91 వేలు, రహస్యంగా సమాచారం చేరవేసేవాళ్ళు లక్షా డెబ్బై వేలకు పైనే.

మన జిల్లాల పిల్లలకు దీన్ని అర్థం చేయించడానికి జర్మనీ దాకా పోనక్కర్లేదు. నిజాంది రాచరికం, హిట్లర్‌ది ఆధునిక నియంతృత్వం, రెండూ ఒకటి కావు. ఈ తేడా పరీక్షలోనూ రాయండి. కానీ అధికారం ఊళ్ళోకి దిగే దారి చూడండి. ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలో ఉండేవాడు. కడవెండి రైతు ఆయన ముఖం ఎన్నడూ చూడలేదు. ఆ రైతు చూసింది మాలీ పటేల్‌ను, పోలీస్ పటేల్‌ను, పట్వారీని, వాళ్ళ వెనకున్న విసునూరు దొర గడీని, అంటే కోటలాంటి ఇంటిని. పట్వారీ కలం ఒక్క గీత గీస్తే పట్టా పేరు మారిపోయేది. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద ముందే అనుమతి తెచ్చుకోవాలి. 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడిన విద్యార్థులను వెళ్ళగొట్టారు. అట్లా నాగపూర్ వెళ్ళి చదువుకున్నవాళ్ళలో మన వంగర పి.వి. నరసింహారావు ఒకరు. ఆ పేరు కొట్టేసే కాగితం మీద నిజాం స్వయంగా కూర్చొని సంతకాలు పెట్టలేదు కదా. ఎవరో గుమాస్తా రాశాడు, ఎవరో అధికారి ముద్ర వేశాడు.

గడీ నడిచింది కూడా ఊరివాళ్ళ చేతుల మీదే. నీళ్ళు మోసినవాళ్ళు, బట్టలుతికినవాళ్ళు, కుండలు పోసినవాళ్ళు, చెప్పులు కుట్టి ఇచ్చినవాళ్ళు, దొర పొలంలో పైసా లేకుండా నాగలి కట్టినవాళ్ళు. సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, వచ్చి "వెట్టి చెయ్యం" అనిపించినప్పుడు గడీకి గుండెలో రాయి పడింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలం పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని వస్తే, సంఘం వాళ్ళు ఆ వడ్లను ఆమె ఇంటికి చేర్చారు. అంతే జరిగింది. కానీ దొర మాట ఒకసారి చెల్లకుండా పోతుందని చుట్టుపక్కల ఊళ్ళన్నీ కళ్ళారా చూశాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద కాల్పులు జరిగింది ఆ భయంతోనే. రెండేళ్ళకు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం వైపు నిలిచిన సాయుధ దళం రజాకార్లు, పోలీసులు కలిసి ఊరి మీద పడి పదుల మందిని చంపారు. చేతులు కదలడం మానేసినచోటే తుపాకీ ఎక్కువ పేలింది. ఈ వరుస నా విద్యార్థులు తప్పకుండా గమనించాలని కోరుకుంటాను.

అపోహ: "డిసిప్లిన్ వస్తది, పనులు జల్ది ఐతయ్."

ముస్సోలినీ రైళ్ళను టైముకు నడిపించాడని ఇప్పటికీ చెప్తారు. యుద్ధంలో పాడైన ఇటలీ రైల్వేల మరమ్మత్తు అతను రాకముందే మొదలైంది. వచ్చాక పేపర్ల నోరు మూయించాడు కాబట్టి ఆలస్యమైన రైళ్ళ గురించి రాసేవాడు లేడు. ఎక్స్‌ప్రెస్ రోడ్లు హిట్లరే మొదలుపెట్టాడన్న కథ కూడా అంతే. కొలోన్ నుంచి బాన్‌కు అట్లాంటి రోడ్డు 1932లోనే తెరిచారు. తెరిచినాయన కొలోన్ మేయర్ కొన్రాడ్ అడెనవర్. మరుసటి ఏడు ఆయన్ను పదవి నుంచి తీసేసింది నాజీలే.

ఇంతకంటే ముఖ్యమైంది చైనా. 1958లో మావో 'ముందుకు పెద్ద గెంతు' మొదలుపెట్టాక ఎకరాకు ఎంత పండిందో చెప్పడంలో జిల్లాల మధ్య పోటీ పెరిగింది. నమ్మడానికి వీల్లేని లెక్కలు పైకి పంపారు. ఆ ఏడాది అధికార పత్రికలో ఓ ఫోటో వచ్చింది. కోతకొచ్చిన వరి కంకుల మీద పిల్లలు నిలబడి నవ్వుతుంటారు. చేను అంత దట్టంగా ఉందని చెప్పడం ఉద్దేశం. వరి చేను చూసిన మన పిల్లలెవరికైనా అది అబద్ధమని ఒక్క చూపులో తెలుస్తుంది. చాలా మళ్ళలోంచి పీకిన వరిని తెచ్చి ఒకే మడిలో కుక్కి అట్లాంటి ఫోటోలు తీశారు. అక్కడి రైతుకూ తెలుసు, కార్యకర్తకూ తెలుసు. చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. ఆ దొంగ లెక్కల ప్రకారం ప్రభుత్వం ధాన్యం లెవీ తీసుకుపోయింది, 1959లో విదేశాలకు ఎగుమతి కూడా చేసింది. ఊళ్ళల్లో గింజలు మిగల్లేదు. 1961 దాకా సాగిన ఆ కరువులో చనిపోయినవాళ్ళు తక్కువ అంచనా ప్రకారమే కోటిన్నర. నాలుగు కోట్లు దాటించే అంచనాలూ ఉన్నాయి.

స్వేచ్ఛగా మాట్లాడే పత్రికలు, ఎన్నికలు ఉన్న ప్రజాస్వామ్యంలో పెద్ద కరువు రాలేదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ చెప్పింది ఇందుకే. పేపర్లో ఆకలి చావు వార్త పడితే మంత్రికి టెన్షన్ మొదలవుతుంది. ఆ టెన్షన్ లేనిచోట జనం చనిపోతారు.

దక్షిణ కొరియా సంగతేమిటి సార్ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. సైనిక నియంత పార్క్ చుంగ్ హీ కాలంలో అక్కడ పరిశ్రమలు పెరిగిన మాట నిజం. అదే కాలంలో జైర్‌లో (ఇప్పటి కాంగో) మొబుటు 1965 నుంచి 1997 దాకా దేశాన్ని దోచుకున్నాడు. మీకు ఎవరు దొరుకుతారో ముందుగా తెలియదు, తెలిశాక దించడానికి దారి ఉండదు.

అపోహ: "కష్టకాలంలో కొన్నాళ్ళ కోసమే కదా."

పాత రోమ్‌లో ఇది రాజ్యాంగబద్ధమైన ఏర్పాటే. ఆపద వస్తే ఒకరికి గరిష్ఠంగా ఆరు నెలలు పూర్తి అధికారం. శతాబ్దాల పాటు ఆ గడువు నిలబడింది కూడా. క్రీ.పూ. 82లో సుల్లా గడువు లేకుండా తీసుకున్నాడు, క్రీ.పూ. 44లో సీజర్ జీవితాంతానికి తీసుకున్నాడు. జర్మనీలో 1933 ఫిబ్రవరి 28న పౌర హక్కులు ఆపుతూ తెచ్చిన ఉత్తర్వు హిట్లర్ చచ్చేదాకా అమల్లోనే ఉంది.

మన దేశంలో ఎమర్జెన్సీ పెట్టిన 1975 జూన్ 25 రాత్రి కూడా చూడండి. రాష్ట్రపతి సంతకం రాత్రే అయిపోయింది, కేబినెట్‌కు తెల్లారి చెప్పారు. ఢిల్లీలో పత్రికల ప్రెస్సులకు కరెంటు పోయింది. విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్ళు లక్షకు పైగా. అక్రమంగా నిర్బంధిస్తే కోర్టుకు వెళ్ళే హక్కు ఉందా అన్న కేసులో 1976లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తులు లేదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఉందన్నారు, దానికి ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నారు. 1977లో ఇందిరాగాంధీని జనం ఓడించారని గొప్పగా చెప్పుకుంటాం. ఓడించింది ఉత్తరాది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది, హనుమకొండ సీటుతో సహా. అవకాశం దొరికితే జనం తప్పకుండా దించేస్తారనే ధీమా కూడా అపోహే. మన కవి కాళోజీ ఆ తర్వాతి అసెంబ్లీ ఎన్నికల్లో సత్తుపల్లిలో ముఖ్యమంత్రి వెంగళరావు మీదే నిలబడి ఓడిపోయారు. ఆయన పోటీ చేశారన్నదే నాకు గర్వం.

1978లో 44వ సవరణ వచ్చాక ఎమర్జెన్సీకి కేబినెట్ రాతపూర్వక సలహా తప్పనిసరి, జీవించే హక్కును ఆపడానికి వీల్లేదు. గ్రూప్స్ వాళ్ళు దీన్ని మార్కుల కోసం బట్టీ పడతారు. ఆ రాత్రి ఏం జరిగిందో తెలుసుకొని చదివితే ఒక్కో పదం ఎందుకుందో అర్థమవుతుంది.

అపోహ: "నియంతలు చదువు రానోళ్ళు, పిచ్చోళ్ళు."

పోర్చుగల్ సలజార్ అర్థశాస్త్రం ప్రొఫెసర్. కంబోడియా పోల్ పాట్ పారిస్‌లో చదివాడు. సిరియా బషర్ అల్ అసద్ కళ్ళ డాక్టర్. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అపోహ: "ఎన్నికలు పెడుతున్నడంటే నియంత కాదు."

2002 అక్టోబర్‌లో సద్దాం హుస్సేన్ పెట్టిన ఓటింగ్‌లో అతనికి నూటికి నూరు శాతం పడ్డాయని ప్రకటించారు. ఒక్కరు కూడా రాకుండా ఉండలేదట, ఒక్కరు కూడా వద్దనలేదట. అయితే చిలీ కథ వేరు. పినోచే ఇంకో ఎనిమిదేళ్ళు ఉండాలా వద్దా అని 1988 అక్టోబర్ 5న ఓటింగ్ జరిగితే దాదాపు 56 శాతం వద్దన్నారు. ప్రతిపక్షం తన లెక్క తానే వేసుకుంది. ప్రభుత్వం మాత్రం ఫలితం చెప్పకుండా అర్ధరాత్రి దాకా సాగదీసింది. అప్పుడు వైమానిక దళం అధిపతి మత్తేయ్, అధ్యక్ష భవనంలోకి వెళ్తూ గుమ్మం దగ్గరే విలేకరులకు 'వద్దు' గెలిచిందని చెప్పేశాడు. పినోచే ఇంకో కుట్ర చెయ్యాలంటే మత్తేయ్ లాంటివాళ్ళ చేతులు కావాలి. అవి అందలేదు.

అపోహ: "నియంత పోతే అంతా పోయినట్టే."

సలజార్ 1968లో జబ్బుపడితే పదవి నుంచి తప్పించారు, 1970లో చనిపోయాడు. అతని వ్యవస్థ మాత్రం 1974 ఏప్రిల్ 25న సైనికులే తిరగబడేదాకా నడిచింది. ఇక్కడా 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాక, ఊళ్ళు విడిచి పారిపోయిన దొరలు చాలాచోట్ల ఖద్దరు వేసుకొని తిరిగొచ్చారు. సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా ఆగలేదు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఊళ్ళో పట్టా రాసే కలం మాత్రం పటేల్, పట్వారీల ఇళ్ళలోనే తండ్రి నుంచి కొడుక్కు సాగింది. ఆ పదవులను ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది 1984లో, నిజాం లొంగిపోయిన ముప్పై ఐదేళ్ళ తర్వాత.