చుక్క నడిమధ్య తుప్పు

కావలిలో ఉండే మా మేనల్లుడు వాళ్ల తాత తొక్కిన హెర్క్యులెస్ సైకిల్ కొట్టంలోంచి బయటికి లాగాడు, సెలవుల్లో బాగుచేద్దామని. పైకడ్డీ గరుకు కాయితంతో రుద్దితే తెల్లగా తేలింది, కానీ పెడల్ యాక్సిల్ కూర్చునే గూడు ఉంటుంది చూడండి, మెకానిక్కులు బీబీ అనేది, దాని అడుగున స్క్రూడ్రైవర్ ఆనిస్తే లోపలికి దిగిపోయింది. "మామా, గాలీ వానా తగిలిన కడ్డీ బాగుంది, ఏదీ తగలని గూడు ఎట్టా పోయింది?" అంటాడు.

అడగాల్సిన ప్రశ్నే ఇది. బళ్లో మూడు గాజు గొట్టాల్లో మూడు మేకులేసి, గాలీ నీళ్లూ రెండూ ఉంటేనే తుప్పు అని చెప్పి అక్కడితో వదిలేస్తారు, దాంతో గాలి ఎక్కువ తగిలినచోటే ఎక్కువ తుప్పనుకుంటాం. జరిగేది చాలాసార్లు దానికి తలకిందులు.

కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అని ఒకాయన 1920ల్లో దీన్ని ఒక్క నీటిచుక్కతో చూపించాడు. నున్నగా రుద్దిన ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క వేసి, అందులో రెండు రంగు మందులు కలిపాడు. ఒకటి ఇనుము కరిగినచోట నీలంగా మారుతుంది, రెండోది క్షారం పుట్టినచోట గులాబీరంగు తేలుతుంది, పసుపులో సున్నం పడితే ఎర్రబడ్డట్టు. మొదట అక్కడోటి ఇక్కడోటి మచ్చలొస్తాయి, కాసేపటికి చుక్కలో ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, అప్పట్నుంచి మధ్యంతా నీలం, అంచు చుట్టూ గులాబీ.

అంచున నీటిపొర పల్చన కాబట్టి గాలిలోంచి ఆక్సిజన్ తేలిగ్గా దిగుతుంది, దిగినదానికి ఎలక్ట్రాన్లు కావాలి. అవి ఎక్కడివి? మధ్యలో ఉన్న ఇనుమువి. అక్కడ ఒక్కో ఇనుము పరమాణువు రెండేసి ఎలక్ట్రాన్లు వదిలేసి అయానుగా నీళ్లలోకి పోతుంది, ఎలక్ట్రాన్లు రేకులోంచి అంచుకి నడుస్తాయి, అంచు దగ్గర హైడ్రాక్సైడ్ తయారవుతుంది, గులాబీరంగు తేల్చే క్షారం అదే, ఇనుము అయానూ ఈ హైడ్రాక్సైడూ దారిలో కలిసినచోట తుప్పు పేరుకుంటుంది. అంటే తినేది ఒకచోట, తుప్పు కనపడేది ఇంకోచోట. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు ఇలా పారిందంటే సుమారు ఒక గ్రాము ఇనుము హరీమంటుంది.

ఇప్పుడు ఆ చుక్కని ఫ్రేములోకి తీసుకెళ్లండి. సీటు గొట్టంలోంచి దిగిన వాన బీబీ అడుగున నిలుస్తుంది, దాని మీద మట్టీ గ్రీజూ చేరుతుంది, మట్టికింద ఆక్సిజన్ ఉండదు, తినేది అక్కడే. రంగు బుడగలా లేచినచోట లోపలంతా చుక్క మధ్యే, చీలిన గీత అంచు. లగ్గుల్లో, అంటే గొట్టాలు కలిసేచోట ఉండే తొడుగుల్లో, గొట్టం దూరిన సందూ అంతే, పైగా అక్కడ అతుకు ఇత్తడిది, ఇత్తడి పక్కన తడి తగిలితే ముందు పోయేది ఇనుమే. చివరికి తుప్పే గాలికి అడ్డుపడి తన కిందున్న ఇనుముని చుక్క మధ్య చేసేస్తుంది, అందుకే పైపైన రుద్ది రెడ్ ఆక్సైడ్ కొట్టడం నా లెక్కలో తుప్పుకి దుప్పటి కప్పడం.

మన మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు గాలిలో ఇంకో తంటా ఉంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీరవుతుంది, సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. వాన లేకపోయినా చుక్క తయారు! పైగా ఉప్పులోని క్లోరైడ్ తుప్పు తిన్న గుంటల్లోకి చేరి అక్కడి నీటిని ఆమ్లంగా మారుస్తుంది, కాబట్టి రంగుకి ముందు మంచినీళ్లతో పదేపదే కడగాలి.

దసరాకి హ్యాండిల్‌కి నిమ్మకాయ గుచ్చి కడతారు, దిష్టి సంగతేమో గానీ ఆ రసం కారినచోట ఇనుము పోవడం ఖాయం. అదే పొదలకూరు నిమ్మకాయల రసంలో తుప్పు నట్లు ఒక రాత్రి నానేస్తే సిట్రిక్ ఆమ్లం తుప్పుని కరిగిస్తుంది, మర్చిపోతే మంచి ఇనుమునీ వదలదు.

ఫ్రేముకైతే కరెంటే మేలు. డ్రమ్ములో నీళ్లు, వాషింగ్ సోడా, బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ ఫ్రేముకి, పాజిటివ్ పాత ఇనుప కడ్డీకి. అంటే చుక్కలో ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఇనుముకే ఇప్పుడు బయట్నుంచి ఎలక్ట్రాన్లు తోస్తున్నాం. తుప్పులో కొంత మ్యాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడ్‌గా మారి వదులవుతుంది, హైడ్రోజన్ బుడగలు పెచ్చుల్ని లేపుతాయి. పోయిన ఇనుము మాత్రం తిరిగి రాదు. సోడాకి బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, కడ్డీకి బదులు స్టీలు గరిటె కడితే విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది, రెండూ వద్దు. ఆరుబయట పెట్టండి, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకండి. ఇంకోటి, బయటున్న కడ్డీ నుంచి కరెంటు గొట్టం లోపలికి పెద్దగా పోదు, ఫ్రేముకి తగలకుండా సన్న కడ్డీ ఒకటి లోపలికి దించాల్సిందే.

మావాడి ఫ్రేముకి ముందు గూడు కోసి వేరేది అతికించాలి, స్క్రూడ్రైవర్ దిగిన ఇనుము మీద మనిషి ఎక్కకూడదు. రంగు ఎవరిష్టం వాళ్లది. ఆరిన ఫ్రేములో మాత్రం కాచిన అవిసె నూనె పోసి నాలుగు వైపులా తిప్పి ఒంచేయండి. తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, పరిచి ఆరేయండి. బీబీ అడుగున చిల్లు ఉంటే పెయింటర్ దాన్ని పుట్టీతో పూడ్చకముందే చెప్పండి, నీళ్లు దిగిపోయేది దాంట్లోంచే.