చేను కొలవాలా, బొమ్మ చూడాలా: దిగుబడి లెక్క వెనుక కథ

ఖరీఫ్ కోతలొచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాత తగువు మళ్లీ లేస్తుంది. ఊరి సగటు దిగుబడిని కోసి తూచిన చేను చెప్పాలా, ఉపగ్రహం తీసిన బొమ్మ చెప్పాలా? కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ అంచనాల్లో సాంకేతిక పద్ధతికి, అంటే ఉపగ్రహ బొమ్మల వంటి వాటితో కట్టే లెక్కకు, కనీసం 30 శాతం వెయిటేజీ పెట్టాక ఇది ఇంకా ముదిరింది.

కోసి తూచకుండా, కంటితో చూసి పంట ఇన్ని అణాలని (పదహారో వంతుల్లో) చెప్పిన రోజులున్నాయి. అసలు మలుపు 1940లలో వచ్చింది. బెంగాల్ సర్వేల్లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చాలా చిన్న కోతలు చాలు, అంటే చేలో చాలా చిన్న మడి కోసి తూస్తే చాలు అన్నారు. మరో గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే ఒప్పుకోలేదు. కోత చిన్నదైతే దిగుబడి ఎక్కువగా తేలుతుందని 1946లో చూపించారు. కారణం చేలో నిలబడితే అర్థమవుతుంది. తాడు మీదున్న దుబ్బు లోపలిదా, బయటిదా అన్నచోట చెయ్యి లోపలికే లాగుతుంది. మడి చిన్నదయ్యేకొద్దీ అంచు వాటా పెరుగుతుంది. అందుకే ఇప్పుడు వరికి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి, తాడు కట్టి కోస్తారు. అక్కడే నూర్చి, తూర్పారబట్టి తూస్తారు.

సాంకేతిక పద్ధతి వైపు వాదనలోనూ బలముంది. పంచాయతీకి నాలుగు కోతలు తక్కువే, కోతలో ఒత్తిళ్లూ ఉంటాయి. అక్కడ సహాయక సమాచారం, అంటే ఊరంతటికీ దొరికే ఉపగ్రహ కొలత లాంటిది, పనికొస్తుంది. 1940లో గణాంక శాస్త్రవేత్త కోక్రన్ సిద్ధాంతంగా పెట్టిన నిష్పత్తి అంచనా అదే. కోసిన మళ్లలో సగటు 12 కిలోలు, ఉపగ్రహ బొమ్మలో వాటి పచ్చదనం సూచిక 0.60, ఊరంతటిదీ 0.54 అనుకుందాం. 12ను 0.54తో గుణించి 0.60తో భాగిస్తే 10.8 కిలోలు. హెక్టారుకు 4,800 కిలోలు కాస్తా 4,320 అవుతాయి. బీమా వస్తుందో రాదో తేలేది ఈ తేడాలోనే.

కానీ దీనికో షరతుంది. రెండు కొలతల హెచ్చుతగ్గులు, అంటే విచలన గుణకాలు, సమానంగా ఉన్నప్పుడు వాటి మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయి, తగ్గుతాయి అన్న కొలత) 0.5 దాటితేనే ఈ లెక్క మామూలు సగటు కంటే మెరుగు. దాటకపోతే ఉన్న అంచనా కూడా చెడుతుంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. వరి ఈని పాలు పోసుకునే వేళ అలాంటి గాలి కొడితే ఆకు పచ్చగానే ఉంటుంది, ఎన్ను మాత్రం తాలుబోతుంది. ఆ వారం పచ్చదనం గింజ గురించి చెప్పేది చాలా తక్కువ. మామూలు ఏడాది బాగా కుదిరే సంబంధం, రైతుకు బీమా అవసరమైన ఏడాదే తెగిపోతుంది. సాంకేతిక నమూనాల్లో వాతావరణ సమాచారమూ కలుపుతారన్నది నిజమే. అయినా ఆ సంబంధం ఈ మండలంలో, ఈ ఏడాది నిలిచిందో లేదో చెప్పగలిగింది కోసి తూచిన మళ్లే.

నా అభ్యంతరం ఉపగ్రహం మీద కాదు, ముందే బిగించిన 30 శాతం మీద. రిగ్రెషన్ అంచనాలో, అంటే తూకాలకూ సూచికకూ మధ్య సంబంధాన్ని కొలిచి దాని బలాన్ని బట్టి సరిదిద్దే లెక్కలో, ఆ సంబంధం బలహీనపడితే సహాయక సమాచారం వాటా దానంతటదే తగ్గుతుంది. బిగించిన వాటా తగ్గదు. తుఫాను కొట్టిన మండలాల్లో కోతలు పెంచి, ఆ తూకాలతో ఏటా ఈ వాటాను కొత్తగా కట్టాలి. ఆ తూకాలను, బొమ్మ చెప్పిన అంకెలను రైతు సేవా కేంద్రం గోడ మీద పక్కపక్కనే అంటించాలి.