ఇంటి కంప్యూటర్‌లో డిస్కు ఎన్‌క్రిప్షన్: రిపేరు షాపులో రోజూ వినిపించే అపోహలు

పాలకొల్లు, భీమవరం వైపు ఏ ఇంటి కంప్యూటర్‌కు బ్యాకప్ తీయాల్సి వచ్చినా డీ డ్రైవ్‌లో ఉండేవి దాదాపు అవే: రొయ్యల చెరువు మేత లెక్కలు, పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లు, కువైట్‌లో ఉన్న కొడుకు పాస్‌పోర్టు కాపీ, ఇంటిల్లిపాది ఆధార్ కార్డులు. తాళం, అంటే కీ లేనివారెవరూ చదవలేనట్టు డిస్కులోని ఫైళ్లను మార్చేసే ఎన్‌క్రిప్షన్, మాత్రం ఉండదు. ఎందుకని అడిగితే వచ్చే జవాబులే ఈ అపోహలు.

అపోహ: విండోస్‌కు పాస్‌వర్డ్ పెట్టుకున్నాం కదండీ, చాలదా?

చాలదు. ఆ పాస్‌వర్డ్ విండోస్‌లోకి రానివ్వడానికే. డిస్కు మీద ఫైళ్లు మామూలుగానే ఉంటాయి. క్యాబినెట్ పక్క రేకు స్క్రూలు విప్పి, హార్డ్ డిస్కుకున్న రెండు కేబుళ్లు లాగి, యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా వచ్చేస్తాయి. మీ యూజర్ ఫోల్డర్ మీద నొక్కితే అనుమతి లేదని ఒక చిన్న పెట్టె వస్తుంది. దాని కిందే ‘కంటిన్యూ’ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే ఆ ఫోల్డరూ తెరుచుకుంటుంది. కంప్యూటర్ దొంగల పాలైనా, పాత సామాన్లవాడికి అమ్మినా, ఫ్యాను మార్చమని ఎక్కడో ఇచ్చినా ఇదే పరిస్థితి. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కును ఇలాగే తగిలిస్తే కీ అడుగుతుంది. లేదా, చేసిన పద్ధతిని బట్టి, ఫార్మాట్ చేయమంటుంది. ఫైలు పేరు కూడా కనిపించదు.

అపోహ: వాడుతున్న కంప్యూటర్‌లో కుదరదు, అంతా ఫార్మాట్ చేయాలి.

అవసరం లేదు. విండోస్ ప్రో ఉంటే అందులోని బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ సాధనం, ఫైళ్లను ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ ఆన్ చేశాక ఆగినచోటి నుంచి సాగుతుంది. వాడిన స్థలం వరకేనా, డ్రైవ్ మొత్తమా అని అడిగినప్పుడు పాత కంప్యూటర్‌కు ‘మొత్తం’ ఎంచుకోండి. మీరు డిలీట్ చేశామనుకున్న ఫైళ్లు ఖాళీగా కనిపించే ఆ స్థలంలోనే ఇంకా ఉంటాయి.

హోమ్ ఎడిషన్‌లో పూర్తి బిట్‌లాకర్ ఉండదు. హార్డ్‌వేర్ అనుకూలిస్తే దాని తేలిక రూపమైన ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ ఉంటుంది, లేకపోతే ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రాం వాడుకోవచ్చు. వెరాక్రిప్ట్‌తో డీ డ్రైవ్‌ను మార్చినవారు ఒక్క విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. పని పూర్తయ్యాక ఆ డ్రైవ్‌ను వెరాక్రిప్ట్‌లో మరో డ్రైవ్ అక్షరంతో తెరవాలి. పాత ‘డీ’ మీద అలవాటుగా నొక్కితే, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ అడుగుతుంది. అక్కడ ‘సరే’ అంటే డేటా చేజారినట్టే. ఇంట్లో పిల్లలో పెద్దలో నొక్కకముందే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ పాత అక్షరం తీసేయండి.

లినక్స్‌వారికి క్రిప్ట్‌సెటప్ అనే సాధనం ఉంది. అది వాడే లక్స్ పద్ధతిలో కీ వివరాలుండే భాగానికి, అంటే లక్స్ హెడర్‌కు, డిస్కులో చోటు కావాలి కాబట్టి ముందుగా ఫైల్‌సిస్టమ్‌ను కనీసం 32 ఎంబీ కుదించాలి. ఈఎక్స్‌టీ4 రకం ఫైల్‌సిస్టమ్‌ను ఇలా కుదించవచ్చు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ రకాన్ని కుదించలేం. లినక్స్ ఉన్న రూట్ పార్టిషన్ అయితే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చేయాలి.

డ్రైవ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు ఏ పద్ధతైనా అందులోని ప్రతి సెక్టారునూ చదివి తిరిగి రాస్తుంది. ముసలిదైన డిస్కు ఆ శ్రమకు తట్టుకోలేకపోవచ్చు. అందుకే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో దాని ఆరోగ్యం చూడండి. పసుపు రంగు కనిపిస్తే ఎన్‌క్రిప్షన్ మాట పక్కనపెట్టి డిస్కు మార్చండి. బాగున్నా సరే, బయటి డిస్కులోకి బ్యాకప్ తీసి, అందులో నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకున్నాకే మొదలుపెట్టండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. తుపాను హెచ్చరికలున్న రోజుల్లో అసలు ముట్టుకోవద్దు.

అపోహ: ముఖ్యమైనవన్నీ డీలోనే ఉన్నాయి, సీకి ఎందుకు?

డీలోని ఫొటోల చిన్న బొమ్మలు, తెరిచిన పత్రాల తాత్కాలిక కాపీలు, మెమరీలోంచి డిస్కుకు వెళ్లే పేజ్‌ఫైల్, హైబర్నేషన్ ఫైలు సాధారణంగా సీలోనే ఉంటాయి. రెండూ చేయండి.

అపోహ: కంప్యూటర్ నెమ్మదిస్తుంది.

ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఏఈఎస్ పద్ధతి లెక్కలను వేగంగా చేసే ప్రత్యేక ఆదేశాలు ఇంటెల్ ప్రాసెసర్లలో 2010 నుంచి వస్తున్నాయి. అవి ఉన్నవాటిలో రోజువారీ పనికి తేడా తెలియదు. అంతకన్నా పాత వాటిలో, కొన్ని చవక ప్రాసెసర్లలో తెలుస్తుంది. వెరాక్రిప్ట్‌లోని బెంచ్‌మార్క్ నడిపితే మీ యంత్రం సంగతి వెంటనే తేలిపోతుంది.

అపోహ: పాస్‌వర్డ్ మరిచిపోతే షాపువాళ్లు తీసిపెడతారు.

నన్ను బాగా బాధపెట్టే అపోహ ఇది. తీయలేం. నేనే కాదు, హైదరాబాద్‌లో ఎంత పెద్ద డేటా రికవరీ సంస్థ అయినా కీ లేకుండా చేయగలిగింది లేదు. పైగా మరిచిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు. పిడుగుకో, ఓల్టేజీ దెబ్బకో మదర్‌బోర్డు పోతే దానితోపాటు కీని కాపాడే టీపీఎం చిప్ కూడా పోతుంది. కొత్త బోర్డు వేయగానే నీలం తెర మీద బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ చేసిన చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఆ సంగతి యజమానికి తెలిసేది ఆ నీలం తెర చూసినప్పుడే. కీ ఆ ఖాతాలోనే ఉంటుంది, కానీ ఆ ఖాతా ఎవరి ఫోను నంబరుతో తెరిచారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

ఈరోజే సెట్టింగ్స్‌లో చూడండి. ఆన్‌లో ఉంటే ఆ 48 అంకెలను, ఆరేసి అంకెల ఎనిమిది గుంపులుగా, కాగితం మీద రాసి ఇంకొకరి చేత సరిచూపించండి. పొలం కాగితాలతోపాటు ప్లాస్టిక్ కవరులో పెట్టండి. కంప్యూటర్ బ్యాగులో మాత్రం వద్దు. లంక గ్రామాలవారు రెండో ప్రతిని గట్టు ఇవతల బంధువుల ఇంట్లో ఉంచాలి. 2022 జూలై గోదావరి వరదలో ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు కాగితాలు కూడా తడిశాయి. లినక్స్‌వారు లక్స్ హెడర్‌కు విడిగా బ్యాకప్ తీసుకోవాలి. ఆ కొద్ది ఎంబీలు పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా డిస్కు తెరుచుకోదు.

అపోహ: ఎన్‌క్రిప్ట్ చేస్తే వైరస్ రాదు.

వస్తుంది. మీరు తెరిచి పనిచేసుకుంటున్నంతసేపూ ఫైళ్లు మీకెలా కనిపిస్తాయో వైరస్‌కూ అలాగే కనిపిస్తాయి. డబ్బు కోసం ఫైళ్లను బందీచేసే రాన్సమ్‌వేర్ ఆ ఫైళ్లకు తన తాళం కూడా వేయగలదు. దానికి మందు, కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచని బ్యాకప్ డిస్కే. ఆ డిస్కునూ ఎన్‌క్రిప్ట్ చేయాలి, ఎందుకంటే అసలు ఫైళ్ల కాపీలన్నీ అందులోనే ఉన్నాయి.