మొదటి బండి ఎంపిక: శిక్షకుడిగా నేను తరచూ వినే అపోహలు

కొత్తవాళ్లకు మోటార్‌సైకిల్ నడపడం నేర్పించడం నా వృత్తి. శిక్షణ మొదలైన వారంలోపే దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ బండి కొనుక్కోమంటారు?" చాలామంది మనసులో అప్పటికే ఒక బండి స్థిరపడి ఉంటుంది, నాతో ఔననిపించుకోవాలని అడుగుతారు. అదే ఎందుకని నేను అడిగితే వచ్చే జవాబులు ఏళ్ల తరబడి మారలేదు. వాటిలో కొన్ని డబ్బు వృథా చేయిస్తాయి, కొన్ని ఎముకలు విరగ్గొడతాయి.

అపోహ: ఎప్పటికైనా పెద్ద బండికి మారాల్సిందే, ముందే కొనేస్తే ఒక ఖర్చు తప్పుతుంది

ఈ మాట వినగానే నాకు భయం వేస్తుంది. దీని వెంటే మరో మాట కూడా వస్తుంది: "యాక్సిలరేటర్ నా చేతిలోనే ఉంటుంది కదా, మెల్లగానే వెళతాను." వాళ్లు నిజంగా మెల్లగా వెళ్లాలనే అనుకుంటారు, అందులో నాకు సందేహం లేదు. నా సందేహమంతా వాళ్ల కుడి మణికట్టు మీదే. కొత్తలో క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేయడం సహజం. బండి ముందుకు ఉరుకుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, పడిపోకుండా ఉండాలని చేతులు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాయి. అలా వెనక్కి వాలుతూ పట్టు బిగిస్తే యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. మనిషి బండిని ఆపాలనుకుంటూ ఉంటాడు, చెయ్యి వేగం పెంచుతూ ఉంటుంది.

చిన్న ఇంజన్ అయితే ఒకసారి కుదిపి ఆగిపోతుంది, లేదా కొంచెం కొంచెంగా వేగం అందుకుంటుంది. తేరుకుని క్లచ్ నొక్కేంత వ్యవధి దొరుకుతుంది. వంద హార్స్‌పవర్ ఇంజన్ ఆ వ్యవధి ఇవ్వదు. మంచి దేహబలం ఉన్న ఒక యువకుడు సొంతంగా కొనుక్కున్న పెద్ద బండితో మా మైదానానికి వచ్చి, మొదటి గేరులోనే సరిగ్గా ఇలా కంచెలోకి దూసుకుపోవడం నేను చూశాను. చెయ్యి విరిగింది. ఆ తర్వాత అతడు రెండు నెలలు చిన్న బండి మీద నేర్చుకుని ఎంతో చక్కగా నడిపాడు. అతడి చేతకానితనం వల్ల ఆ చెయ్యి విరగలేదు, తప్పు చేసేందుకు చోటివ్వని బండి వల్ల విరిగింది.

అమెరికా పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో సుమారు 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. ప్రమాదానికి గురైనవారిలో సగానికి పైగా ఆ బండి మీద 5 నెలల అనుభవం కూడా లేనివాళ్లు. వాళ్ల మొత్తం అనుభవం చూస్తే సగటున దాదాపు 3 ఏళ్లు! అంటే నడపడం వచ్చినవాళ్లకు సైతం కొత్త బండితో మొదటి నెలలు గడ్డుకాలమే. నడపడమే కొత్తయిన మనిషికి రెండు కొత్తలూ ఒకేసారి వచ్చి పడతాయి. ఇక ఖర్చు సంగతి. వాడిన చిన్న బండిని కొని ఏడాది నడిపి అమ్మేస్తే పోయే సొమ్ము తక్కువే. పెద్ద బండి నిలుచున్న చోటే ఒక్కసారి పక్కకు ఒరిగినా లీవర్, అద్దం, పక్క ప్యానెల్ కలిపి చాలా ఖర్చవుతుంది. మొదటి ఏడాదిలో నిలుచున్న చోట బండిని పడేయని శిష్యులు నాకు కొద్దిమందే తెలుసు.

అపోహ: సీసీ ఎంతో బలం అంత

సీసీ అంటే సిలిండర్ల లోపలి చోటు మాత్రమే. ఆ చోటుతో ఇంజన్ ఎంత పని చేయిస్తుందన్నది వేరే విషయం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ ఇంజన్ 648 సీసీ, బలం 47 హార్స్‌పవర్. యమహా ఆర్6 ఇంజన్ 599 సీసీ, బలం 115 హార్స్‌పవర్‌కు పైనే. సీసీ తక్కువున్న బండికే రెట్టింపుకు మించిన బలం! మొదటిది నిమిషానికి 7 వేల చుట్లు దాటాక తన పూర్తి బలం చూపిస్తుంది, రెండోది 14 వేలు దాటాక. పైగా రెండోదే తేలిక. "రెండూ ఆరువందల సీసీకి అటూ ఇటూగా ఉన్న బళ్లే కదా" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఐరోపాలో కొత్తవారికిచ్చే మధ్యస్థ లైసెన్సు ఏ2కు సీసీ పరిమితే లేదు. బలం 35 కిలోవాట్లు, అంటే సుమారు 47 హార్స్‌పవర్ దాటకూడదు, బరువులో ప్రతి కిలోకు 0.2 కిలోవాట్లు మించకూడదు. బండి వివరాల పత్రంలో మీరు చూడాల్సిందీ ఈ రెండు అంకెలనే. నా సలహా ఇంకా కిందికి ఉంటుంది. 15 నుంచి 30 హార్స్‌పవర్ మధ్య ఉన్న, 170 కిలోలకు మించని బండి దాదాపు ఎవరికైనా మంచి మొదటి గురువు.

అపోహ: రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, కాబట్టి క్రూజర్ తీసుకోవాలి

పొట్టివాళ్లకు ఈ సలహా ఎక్కువగా ఇస్తారు. నాకు దీనితో సగం గొడవే. కాళ్లు అందితే ధైర్యం వస్తుందన్నది నిజం. అయితే బండి ఆగినప్పుడు ఎడమ పాదం నేల మీద, కుడి పాదం వెనుక బ్రేకు మీద ఉంటే చాలు. సీటు ఎత్తు అంకె ఒక్కటే చూసినా మోసపోతాం. సీటు ముందువైపు సన్నగా ఉన్న ఎత్తు బండి మీద కాళ్లు బాగా అందవచ్చు, వెడల్పు సీటున్న పొట్టి బండి మీద అందకపోవచ్చు. క్రూజర్ల సీటు కిందికి ఉంటుంది కానీ చాలావాటి బరువు 200 కిలోలు దాటుతుంది. చక్రాల మధ్య దూరం ఎక్కువ, కాళ్లు ముందుకు చాపి కూర్చోవాలి. ఇరుకు చోట వెనక్కి తిప్పుకోవాలంటే కొత్తవారికి అదే కష్టం.

దుకాణంలో బండి ఎక్కి, ఇంజన్ ఆపి ఉండగానే, కాళ్లతో నెట్టుకుంటూ వెనక్కి వెళ్లి చూడండి. హ్యాండిల్‌ను ఒకవైపు చివరిదాకా తిప్పి పట్టుకోండి. సైడ్ స్టాండ్ మీది నుంచి ఎత్తి మళ్లీ వేయండి. చెమట పడితే అది మీ మొదటి బండి కాదు.

అపోహ: చిన్న బండి కాబట్టి హెల్మెట్, జాకెట్ తర్వాత చూసుకోవచ్చు

పైన చెప్పిన నివేదికలోనే ప్రమాదానికి ముందు బండ్ల మధ్యస్థ వేగం గంటకు 48 కిలోమీటర్లు. ఏ చిన్న బండి అయినా అందుకునే వేగమే ఇది. బండికి పెట్టాలనుకున్న సొమ్ములోంచి హెల్మెట్, చేతి తొడుగులు, జాకెట్, చీలమండను కప్పే బూట్లకు ముందే పక్కకు తీయండి. మిగిలినదానితోనే బండి కొనండి.

అపోహ: ఏబీఎస్ ఉంటే బండి జారదు

మోటార్‌సైకిళ్లకు ఏబీఎస్‌ను 1988లో మొదట అందించింది బీఎండబ్ల్యూ. కొత్తవారికి అది ఉన్న బండే కొనమని గట్టిగా చెబుతాను. కంగారులో బ్రేకు బలంగా నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. కానీ మామూలు ఏబీఎస్ నిటారుగా ఉన్న బండిని లెక్కలో పెట్టుకుని చేసినది. వంపులో బాగా వాలి ఉన్నప్పుడు, ఇసుక మీద, టైరుకు లేని పట్టును అది సృష్టించలేదు. ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడతామన్న భయం కూడా ఇక్కడే వదలాలి. బ్రేకు వేయగానే బరువు ముందుకు జరుగుతుంది, అందుకే బండిని ఆపే పని అత్యధికంగా ముందు చక్రానిదే.

అపోహ: వాడిన బండి అంటే మోసమే

చూడడం తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. గాట్లు లోతుగానే కనబడినా, పాతబడిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. చైను తిరిగే వెనుక పళ్ల చక్రం (స్ప్రాకెట్) చివర చైనును వెనక్కి లాగండి. పళ్లు సగం కనబడేలా పైకి లేస్తే చైను అరిగినట్టే. ముందు చక్రాన్ని నేల నుంచి లేపించి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో ఎక్కడైనా తట్టుకుంటే బేరింగులు పోయాయి. అన్నిటికంటే ముందు, స్టార్ట్ చేయకముందే ఇంజన్‌కు దగ్గరగా అరచేయి పెట్టి చూడండి. వేడి తగిలితే మీరు రాకముందే ఎవరో నడిపారు, లేదా చల్లగా ఉన్నప్పుడు బండి మొరాయిస్తుంది. అది పూర్తిగా చల్లారేదాకా అక్కడే కూర్చుని, మళ్లీ మీ చేత్తోనే స్టార్ట్ చేయండి.