శాతం తీర్పు కాదు: నాయకుల డాక్టరేట్లు, గ్రంథచౌర్యం గురించి అపోహలు - వాస్తవాలు

ఏ దేశపు మంత్రి డాక్టరేట్ మీదనైనా గ్రంథచౌర్యం (ఇతరుల రాతను మూలం చెప్పకుండా తమదిగా చూపించుకోవడం) ఆరోపణ వార్తల్లోకి వచ్చిందంటే, మర్నాడు మా విభాగానికి వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంత శాతం వచ్చిందట సార్?" సిద్ధాంత గ్రంథాలను సాఫ్ట్‌వేర్‌తో పరిశీలించి నివేదికలు ఇవ్వడం, ఫిర్యాదు వచ్చినప్పుడు విచారణ సంఘం ముందు మూలాన్నీ థీసిస్‌నూ పక్కపక్కన పెట్టి చూపించడం పదహారేళ్లుగా నా ఉద్యోగం. ఇన్నేళ్లలో "ఏ పేజీలో, ఎక్కడి నుంచి తీసుకున్నారు?" అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాయకుల విషయంలో జనం మోసపోవడానికీ, మా విద్యార్థులు నిద్ర మానుకోవడానికీ మూలం ఈ శాతం పిచ్చే కనుక ముందుగా దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: శాతం ఎక్కువైతే దొంగతనం, తక్కువైతే నిజాయితీ.

సాఫ్ట్‌వేర్ చేసే పని చాలా పరిమితమైనది. మీరు రాసిన పాఠంలోని పదాల వరుసలు తన భాండాగారంలో ఉన్న పాఠాలతో ఎక్కడెక్కడ కలుస్తున్నాయో రంగు వేసి చూపిస్తుంది, ఆ రంగు పడిన భాగం మొత్తంలో ఎంతో లెక్క కడుతుంది. ఆ వాక్యాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టి, కింద పాదసూచికలో మూలం చెప్పి వాడారా, లేక సొంత వాక్యంలా కలిపేశారా అన్నది తేల్చవలసింది చదివే మనిషే.

జర్మనీలో జరిగిన రెండు ఉదంతాలను పక్కపక్కన పెడితే ఇది తేటతెల్లమవుతుంది. రక్షణ మంత్రి కార్ల్-థియోడోర్ జు గుటెన్‌బర్గ్‌కు బైరోయిట్ విశ్వవిద్యాలయం 2007లో న్యాయశాస్త్రంలో అత్యున్నత శ్రేణిలో డాక్టరేట్ ఇచ్చింది. 2011 ఫిబ్రవరిలో ఆ గ్రంథాన్ని సమీక్షించడానికి కూర్చున్న ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడికి అందులో ఇతరుల వాక్యాలు కనిపించాయి. ప్రవేశిక మొదటి పేరాయే 1997లో ఒక దినపత్రికలో వేరొకరు రాసిన వ్యాసంలోనిదని త్వరలోనే బయటపడింది. ఆ తర్వాత అజ్ఞాత స్వచ్ఛంద పరిశీలకులు ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, 393 పేజీల్లో 371 పేజీల్లో అరువు తెచ్చుకున్న భాగాలను మూలాలతో సహా పక్కపక్కన పెట్టారు. పత్రికలు దీన్ని 94 శాతం అని రాశాయి. అది ఏదో ఒక మేరకు అరువు పాఠం ఉన్న పేజీల లెక్క. అదే గ్రంథాన్ని పంక్తుల లెక్కన చూస్తే 63.8 శాతం. ఒకే పుస్తకానికి రెండు అంకెలు, రెండూ సరైనవే. విశ్వవిద్యాలయం డాక్టరేట్‌ను రద్దు చేసింది, 2011 మార్చి 1న ఆయన రాజీనామా చేశారు. ఆయన్ను దించినవి ఆ అంకెలు కావు, పాఠకుడు ఎవరైనా స్వయంగా సరిచూసుకోగలిగేలా ఎదురెదురుగా పరచిన పేజీలు.

రెండేళ్ల తర్వాత 2013లో, ఇప్పుడు ఆ దేశాధ్యక్షుడైన ఫ్రాంక్-వాల్టర్ స్టైన్‌మయర్ డాక్టరేట్ మీద ఆరోపణ వచ్చింది. ఒక సాఫ్ట్‌వేర్ నివేదిక ఆయన గ్రంథంలో గ్రంథచౌర్య సంభావ్యత 63 శాతమని ప్రకటించింది. ఆ అంకె ఊరంతా తిరిగింది. గీసెన్ విశ్వవిద్యాలయం ఆ భాగాలను చదివి చూసి, మోసం లేదని అదే ఏడాది నవంబరులో తేల్చింది. ఒకరికి 63.8, మరొకరికి 63. ఒకరి డాక్టరేట్ పోయింది, మరొకరిది నిలిచింది. శాతాన్నే తీర్పుగా పట్టుకున్నవాడికి ఈ రెంటిలో ఒకటి తప్పనిసరిగా అన్యాయంగానే కనిపిస్తుంది, వ్యవస్థ మీద నమ్మకం అక్కడే సడలుతుంది.

శాతం తక్కువగా ఉంటే ధైర్యంగా ఉండవచ్చా అంటే అదీ లేదు. హంగరీ అధ్యక్షుడు పాల్ ష్మిట్ ఒలింపిక్స్ మీద 1992లో సమర్పించిన గ్రంథంలో సుమారు 180 పేజీలు ఒక బల్గేరియన్ రచయిత ఫ్రెంచిలో రాసిన పరిశోధనతో పోలి ఉన్నాయని 2012 జనవరిలో ఒక పత్రిక బయటపెట్టింది. ఇలా పరభాష నుంచి దించుకున్న పాఠం పదాల వరుసలు పోల్చే యంత్రానికి మామూలుగా చిక్కదు, నివేదికలో ఏ రంగూ లేకుండా శుభ్రంగా కనిపిస్తుంది. రెండు భాషలూ తెలిసిన మనిషి రెండు ప్రతులూ ముందు పెట్టుకుని చదవవలసిందే. సెమ్మెల్‌వైస్ విశ్వవిద్యాలయం మార్చి చివర్లో డాక్టరేట్‌ను రద్దు చేసింది, ఏప్రిల్ 2న ఆయన పదవి వదిలారు. విచారణ సంఘం ఆనాడు గ్రంథాన్ని ఆమోదించిన విశ్వవిద్యాలయాన్ని కూడా తప్పుపట్టింది, ఆ మాటకు దక్కవలసిన ప్రచారం దక్కలేదని నా బాధ.

ఈ అపోహ మామూలు విద్యార్థిని ఎక్కడికి నెడుతుందో నా కళ్లతో చూశాను. కొన్నేళ్ల క్రితం న్యాయశాస్త్రంలో పరిశోధన ముగించిన ఒక అమ్మాయికి 38 శాతం వచ్చింది. నేను నివేదికంతా తిరగేశాను. రంగు పడినవి చట్టాల సెక్షన్లు, పాదసూచికలతో సహా ఉటంకించిన తీర్పులు, ఉపయుక్త గ్రంథాల జాబితా, అంతకుముందు తన పేరుతోనే అచ్చయిన వ్యాసం. "ఇందులో తప్పేమీ లేదమ్మా, ఈ నాలుగింటినీ మినహాయించి మళ్లీ తీద్దాం, వారం ఆగు" అన్నాను. ఆమెకు ఆగే ధైర్యం లేకపోయింది. అదే వారంలో ఒక మంత్రి గురించి శాతాలతో సహా వార్తలు వస్తున్నాయి, తననూ అలాగే దొంగ అంటారని భయపడింది. ఎవరో సలహా ఇస్తే మాటలు మార్చే సాధనంలో థీసిస్ మొత్తాన్ని పెట్టి, మూడు వారాల తర్వాత 9 శాతంతో వచ్చింది. 114వ పేజీ తెరిచాను. మొదటి ప్రతిలో ఒక తీర్పులోని ఆరు పంక్తులు ఉల్లేఖన చిహ్నాల మధ్య, కేసు పేరుతో ఉండేవి. ఇప్పుడు చిహ్నాలు లేవు, పాదసూచిక లేదు, "సహజ న్యాయ సూత్రాలు" ఉన్నచోట "ప్రకృతి సిద్ధమైన నీతి నియమాలు" అనే అర్థం వచ్చే మాట పడింది, న్యాయమూర్తి వాదన మొత్తం ఆమె సొంత వాదనగా నిలబడి ఉంది. 38 శాతం ఉన్నప్పుడు నిజాయితీగా ఉన్న పుస్తకం 9 శాతానికి దిగేసరికి గ్రంథచౌర్యంగా మారింది. పాత ప్రతి దాచిపెట్టుకుంది కాబట్టి బతికిపోయింది. ఆ రోజు ఆ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని ఏడ్చిన తీరు గుర్తొచ్చినప్పుడల్లా, మూలం చూపకుండా అంకెలు ప్రచారం చేసేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది.

శాతం కన్నా ముఖ్యమైనది, తీసుకున్న భాగం ఎక్కడుందన్నది. ఉర్సులా వాన్ డెర్ లేయెన్ జర్మనీ రక్షణ మంత్రిగా ఉండగా ఆమె వైద్య డాక్టరేట్‌ను విచారించిన హానోవర్ వైద్య విశ్వవిద్యాలయం, లోపాలు ఉన్నాయనీ, అవి ప్రధానంగా ప్రవేశిక భాగంలో ఉన్నాయనీ, మోసగించే ఉద్దేశం కనబడలేదనీ 2016లో చెప్పి డాక్టరేట్‌ను కొనసాగించింది. ఆ నిర్ణయం మెతకగా ఉందని నేననుకుంటున్నాను. అయినా వాళ్లు కారణాలు చెప్పారు కనుక నేను వాటితో విభేదించగలుగుతున్నాను, కారణం చెప్పని నిర్ణయంతో విభేదించడానికి కూడా వీలుండదు.

అపోహ: చదువుకునే రోజుల నాటి తప్పుకూ పరిపాలనకూ సంబంధం లేదు.

గుటెన్‌బర్గ్ వ్యవహారంలో ఛాన్సలర్ ఆంగెలా మెర్కెల్ ఇదే మాట అన్నారు: తాను నియమించుకున్నది పరిశోధన సహాయకుణ్ణి కాదని, రక్షణ మంత్రినని. వేలాది మంది పరిశోధక విద్యార్థులు ఆమెకు బహిరంగ లేఖ రాసి నిరసన తెలిపారు. తాము ఏళ్ల తరబడి ప్రతి వాక్యానికీ ఆధారం చూపించుకుంటూ చేస్తున్న శ్రమను ప్రభుత్వాధినేత చిన్నచూపు చూశారన్న బాధ అది, నాకు న్యాయంగానే తోచింది.

నార్వేలో ఈ సంబంధం మరింత స్పష్టంగా కనబడింది. ఒక విద్యార్థిని పరీక్షలో తన పాత జవాబులోని పాఠాన్నే మళ్లీ వాడుకున్నందుకు బహిష్కరణకు గురైంది. అప్పీలు కోర్టు ఆమె పక్షాన నిలిచినా, ఉన్నత విద్యా మంత్రిత్వ శాఖ ఆ కేసును సుప్రీంకోర్టుకు తీసుకెళ్లింది. ఆ శాఖ మంత్రి సాండ్రా బోర్క్ సొంత మాస్టర్స్ థీసిస్‌ను మరొక విద్యార్థి తెరిచి చూస్తే, ఇతరుల థీసిస్‌లలోని భాగాలు అక్షరదోషాలతో సహా కనిపించాయి. అక్షరదోషాలు కలవడమంటే మా పనిలో చాలా బలమైన ఆధారం, ఎందుకంటే ఇద్దరికి ఒకే ఆలోచన రావచ్చు గానీ ఒకే వాక్యంలో ఒకే చోట ఒకే తప్పు దొర్లడం దాదాపు జరగదు. 2024 జనవరి 19న ఆమె రాజీనామా చేశారు. విద్యార్థికి ఒక కొలత, మంత్రికి ఒక కొలత ఉండకూడదని ఆ దేశ ప్రజలు పట్టుబట్టడం పరిపాలనకు సంబంధించిన విషయం కాకపోతే మరేది అవుతుంది?

పాతబడిందన్న వాదన కూడా నిలవదు. జర్మనీ విద్యా మంత్రి అన్నెటె షవాన్ 1980 నాటి డాక్టరేట్‌ను డ్యూసెల్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయం 33 ఏళ్ల తర్వాత 2013లో రద్దు చేసింది, ఆమె కోర్టుకు వెళ్లినా ఫలితం లేకపోయింది.

అపోహ: ఇదంతా ప్రత్యర్థుల కుట్ర.

బయటపెట్టినవారి ఉద్దేశం ఏదైనా కావచ్చు, పేజీలు కలుస్తున్నాయా లేదా అన్నదాన్ని ఆ ఉద్దేశం మార్చలేదు. దీని గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు.

అపోహ: ఒకసారి బయటపడితే నాయకుడి పని అయిపోయినట్టే.

అదీ నిజం కాదు. ఫ్రాన్సిస్కా గిఫై 2021 మేలో జర్మనీ మంత్రి పదవి వదిలారు, జూన్‌లో డాక్టరేట్ పోయింది, డిసెంబరులో బెర్లిన్ మేయరయ్యారు. ఓటరు క్షమించవచ్చు, అది ఓటరు హక్కు. నన్ను కలవరపెట్టేది వేరే: తేల్చవలసిన సంస్థ చేతులు కట్టేయడం. రుమేనియా ప్రధాని విక్టర్ పొంటా డాక్టరేట్ మీద 2012 జూన్‌లో ఆరోపణ వచ్చినప్పుడు, దాన్ని పరిశీలించే జాతీయ మండలి సమావేశమై గ్రంథచౌర్యమని తేల్చిన రోజునే విద్యాశాఖ ఆ మండలి కూర్పును మార్చేసింది. డాక్టరేట్ చివరికి 2016లో రద్దయ్యేసరికి ఆయన ప్రధాని పదవిలో లేరు. నాలుగేళ్ల పాటు ఆ దేశంలో థీసిస్ రాసుకున్న పిల్లలకు వాళ్ల గైడ్లు ఏ ముఖంతో నియమాలు చెప్పి ఉంటారోనని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇప్పుడు భయంతో ఉన్న పరిశోధకులకు ఒక మాట. మీ నివేదికలో అంకె చూసి ఎవరికీ డబ్బు కట్టకండి, ఏ సాధనంలోనూ మాటలు మార్పించకండి, మొదటి ప్రతిని పారేయకండి. నివేదిక మొత్తాన్ని, మొదటి పేజీ ఒక్కటే కాకుండా, అచ్చు తీసుకుని గ్రంథాలయంలో ఈ పని చూసేవారి దగ్గరికి వెళ్లండి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ముందుగా ఆ శాతం ఉన్న గడి మీద ఒక కాగితం ముక్క అంటించి, రంగు పడిన మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇది ఎవరి మాట?" అని అడుగుతాను. చాలామంది ఒక్క క్షణం తడుముకుని, ఆ తర్వాత పాదసూచిక వైపు చూపిస్తారు.