పదమూడో ఎక్కం చెప్పుకుంటూ పరుగు

పటమట,
విజయవాడ.

చిరంజీవి చిన్నుకు, బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

చిన్నూ, మొన్న ఆదివారం గుంటూరులో ఐదు కిలోమీటర్ల పరుగులో నువ్వు మూడో కిలోమీటరు దాటగానే డివైడర్ మీద కూలబడ్డప్పుడు నేనేమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా కార్లో మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నావు. బుజ్జి నవ్వితే దాని మీద ఇంతెత్తున లేచావు. అలాంటప్పుడు ఎవరేం చెప్పినా ఎక్కదు. కానీ ఇల్లు చేరాక నువ్వో మాటన్నావు, "నీకేం పెదనాన్నా, నీకు స్టామినా ఉంది" అని. దానికి జవాబు చెబుదామనే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పొచ్చు కానీ, రెండో నిమిషానికల్లా "అమ్మకిస్తున్నా" అంటావు.

ఆ రోజు నీ చేతికి నా వాచీ పెట్టాను గదా. ఇంటికొచ్చి చూశాను. మొదటి కిలోమీటరు నాలుగు నిమిషాల పది సెకన్లు. రెండోది ఐదు ఇరవై. మూడోది ఏడు దాటింది. ఆ తర్వాత డివైడరు. మామూలు రోజుల్లో నువ్వు హాయిగా పరిగెత్తేది కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో. అంటే నీకు స్టామినా లేక కాదురా, ఉన్నదంతా పరుగు మొదలయ్యే చోట డప్పులు వాయించేవాళ్ల దగ్గరే ఖర్చు పెట్టేసి వచ్చావు.

లోపల జరిగేదేమిటంటే, మన కండరాలకు గుండె, ఊపిరితిత్తులు కలిసి ఆక్సిజన్ అందించగల వేగం ఒకటుంటుంది. ఆ వేగం లోపల ఉన్నంతసేపూ వ్యవహారం నగదు మీద నడుస్తుంది. అది దాటితే కండరం ఆగిపోదు, ఆక్సిజన్ చాలకపోయినా చక్కెరను విరగ్గొట్టి పని కానిచ్చుకుంటుంది. అది చేబదులు. కాసేపు బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంత తేలికేమిటి అనిపిస్తుంది కూడా. పది నిమిషాలు తిరక్కుండానే కాళ్లు బరువెక్కి, ఊపిరి అందక, డొక్కలో పట్టేసి, అసలుతో పాటు వడ్డీ కూడా అక్కడే కక్కిస్తుంది. నీ వయసులో మళ్లీ పుంజుకుంటారు. నా వయసులో ఆ రోజు గోవిందా.

నేనూ ఇలాగే నేర్చుకున్నాను. నలభై ఏడో ఏట షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు చెబితే, ఇందిరాగాంధీ స్టేడియంలో నడక మొదలుపెట్టాను. రెండు నెలలకు నడక చిన్నతనం అనిపించి పరుగందుకున్నాను. నాకంటే చిన్నవాళ్లు దాటిపోతుంటే ఆగలేక వాళ్ల వెంట పడేవాణ్ణి. నాలుగో నెలలో మోకాలి కింద ముందరి ఎముక నొప్పి మొదలైంది. మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. ఆరు వారాలు పరుగు బంద్. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి గానీ ఎముకలు, నరాలని మనం పిలిచే ఆ స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుందట. ఊపిరి "పద పద" అంటుంది, ఎముక "ఆగరా నాయనా" అంటుంది. నేను ఎముక మాట వినలేదు.

ఆ ఆరు వారాలయ్యాక, సీనియర్ రన్నర్ ఒకాయన నాకో చిట్కా చెప్పారు. పరిగెడుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే సరైన వేగం, ముక్కలు ముక్కలుగా వస్తే ఎక్కువైనట్టు అన్నారు. నేను ఎక్కువగా ఒంటరిగా పరిగెడతాను. అందుకని పదమూడో ఎక్కం పైకి చెప్పుకుంటాను. పదమూడు ఏడులు తొంభై ఒకటి, పదమూడు ఎనిమిదులు నూట నాలుగు... మధ్యలో ఊపిరి కోసం తెగిందంటే తగ్గించాలి. బ్యారేజీ మీద చేపలు పట్టేవాళ్లు కొందరు నన్ను పిచ్చి మాస్టారనుకుంటారు. వారంలో నాలుగు రోజులు ఇలా ఎక్కం పరుగే, ఒక్క రోజే గట్టిగా పరిగెత్తేది. ఇలా నెమ్మదిగా గంటల తరబడి సాగితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. అప్పట్లో విశ్రాంతిగా కూర్చున్నా నిమిషానికి డెబ్బై ఎనిమిది కొట్టుకునే గుండె, ఇప్పుడు యాభై ఆరు. దీన్నే నువ్వు స్టామినా అంటున్నావు. పదకొండేళ్లు పట్టింది.

బ్యారేజీ అంటే గుర్తొచ్చింది. మారథాన్ ఎంత దూరమో నీకు అంకె తెలుసు, 42.195 కిలోమీటర్లు. కానీ కాళ్లకు అర్థం కావాలంటే ఇలా చూడు. 1957లో కట్టిన మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. దుర్గమ్మ గుడి వైపు నుంచి సీతానగరం వైపుకు పదిహేడు సార్లు వెళ్లొచ్చి, పద్దెనిమిదోసారి బయల్దేరి సరిగ్గా నది మధ్యకు చేరబోతుండగా మారథాన్ అయిపోతుంది. మిగతా సగం నడిచి రావాల్సిందే! ఆ చిల్లర 195 మీటర్లు ఎందుకని బుజ్జి అడిగింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించడంతో ఆ దూరం వచ్చింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. రాజుగారి కుర్చీ కోసం వందేళ్లుగా ప్రపంచమంతా పరిగెడుతోంది.

మారథాన్‌లో ముప్పై కిలోమీటర్లు దాటాక "గోడ తగిలింది" అంటారు. అది నీ డివైడర్ లాంటిది కాదు, వేరు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం సుమారు రెండు వేల కేలరీల దాకా ఉంటుంది. పరిగెడితే కిలో బరువుకు, కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. నా బరువు 66. గుణించి చూసుకో, 2,700 పైచిలుకు కావాలి. తేడా కొవ్వులోంచి రావాలి, దారిలో తినేదాంట్లోంచి రావాలి. వేగం పెంచినకొద్దీ ఒళ్లు కొవ్వును పక్కనబెట్టి పిండిపదార్థాన్నే తగలేస్తుంది. నా మొదటి మారథాన్‌లో ముప్పై రెండో కిలోమీటరు దగ్గర, నేను ఏ ఊళ్లో ఉన్నానో కూడా ఓ క్షణం గుర్తు రాలేదు. ఎవరో చేతిలో పెట్టిన బెల్లం వేరుశెనగ ఉండ తిన్నాక మనిషినయ్యాను.

ఇక సైకిలు సంగతి. మీ ఇద్దరికీ పరుగుకన్నా అదే ఇష్టమని తెలుసు. ఓసారి ఉండవల్లి దగ్గర పాలబ్బాయి ఒకతను నా సైకిలు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ధర అడిగి, చెప్పాక, "అంత పెట్టి కొన్నదానికి స్టాండు కూడా ఇవ్వలేదాండీ? మడ్‌గార్డూ లేదు, క్యారేజీ లేదు. మిమ్మల్ని మోసం చేశారు" అని బాధపడ్డాడు. నాకిప్పటికీ ఆ మాటలో న్యాయం ఉందనే అనిపిస్తుంది.

గేర్లు ఎందుకని అడిగావు. నా సైకిల్లో అన్నిటికన్నా తేలిక గేరులో పెడలు ఒక చుట్టు తిప్పితే బండి రెండుంపావు మీటర్లు కదులుతుంది. అన్నిటికన్నా బరువు గేరులో తొమ్మిదిన్నర మీటర్లు. కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఆ రెండుంపావే దిక్కు. కుర్రాళ్లు బరువు గేరు వేసుకుని కసికొద్దీ తొక్కుతారు, మోకాళ్లు పట్టేస్తాయి. నిమిషానికి ఎనభై, తొంభై చుట్లు తిరిగేలా తేలిక గేరులో ఉండటమే పద్ధతి. చూసేవాళ్లకు మాత్రం ఏమంత వీరోచితంగా ఉండదు.

పంక్చర్ వేయడం ఇద్దరికీ నేర్పిస్తాను. అంతకుముందు నా పరువు పోయిన కథ వినండి. కరకట్ట మీద పెనుమాక దాటాక వెనక చక్రం తుస్సుమంది. అప్పటికి వీడియోలు చూసి అంతా వచ్చనుకుంటున్నాను. ప్లాస్టిక్ లీవర్లతో టైరు ఒక పక్క విప్పాను, పాత ట్యూబు లాగేశాను, కొత్తది వేశాను, చేతిపంపుతో మూడొందల సార్లు కొట్టాను. పది నిమిషాలు తొక్కానో లేదో మళ్లీ తుస్సు. టైరు లోపలివైపు వేలితో తడిమి చూడలేదు! సగం విరిగిన తుమ్మముల్లు అక్కడే ఉండి కొత్త ట్యూబునూ పొడిచేసింది. సైకిల్ షాపులో పంపు నా సన్నటి వాల్వుకు పట్టలేదు. దానికి చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క ఒకటుంటుంది, అడాప్టరు అంటారు, అది ఇంట్లో ఉంది. పూల మూటలతో మార్కెట్‌కు వస్తున్న ట్రాలీ ఆటోలో బంతిపూల మధ్య నేనూ సైకిలూ ఇంటికొచ్చాం. అప్పట్నుంచి టైరు మీద కంపెనీ పేరున్న చోటే వాల్వు ఉండేలా బిగిస్తాను. ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో చూస్తే, టైరులో ముల్లు ఎక్కడుందో వెతక్కుండానే తెలుస్తుంది.

సైకిలుకు అసలు శత్రువు ఎత్తు కాదు, గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే అది మనకు తెలియదు, ఇవాళ ఫామ్‌లో ఉన్నాననుకుంటాం. వెనక్కి తిరిగాక తెలుస్తుంది ఎవరి ఫామో. నిరుడు 200 కిలోమీటర్ల బ్రెవేలో ఇదే చూశాను. బ్రెవే అంటే పోటీ కాదు, పదమూడున్నర గంటల్లోపు బయటివాళ్ల సాయం లేకుండా పూర్తి చేసి, మధ్యలో చెప్పిన చోట్ల కార్డు మీద ముద్ర వేయించుకు రావాలి. ముందొచ్చినవాడికీ వెనకొచ్చినవాడికీ తేడా లేదు, ర్యాంకులుండవు. తాడేపల్లిగూడెం దాకా వెళ్లి రావడం. హనుమాన్ జంక్షన్ దగ్గర నన్ను రివ్వున దాటేసిన కుర్రాడు, తిరుగు ప్రయాణంలో ఏలూరు దాటాక చెట్టు కింద పిక్కలు పట్టుకుని కూర్చుని కనిపించాడు. వాడి మొహం చూస్తే అచ్చం నువ్వే. మజ్జిగ ఇప్పించి నా వెనకే అంటిపెట్టుకుని రమ్మన్నాను. ముందువాడి చాటున తొక్కితే శ్రమ బాగా తగ్గుతుంది. పన్నెండు గంటల యాభై నిమిషాలకు ఇద్దరం కలిసి చేరాం.

మజ్జిగ అని ఊరికే అనలేదు. మన బెజవాడ ఎండకు మేలో నేను నాలుగుంపావుకు లేచి ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను. వెళ్లేముందు, వచ్చాక బరువు చూసుకో. కిలోన్నర తగ్గితే లీటరున్నర చెమట పోయినట్టు. ఉత్త నీళ్లే బిందెలు బిందెలు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అది ఇంకో ప్రమాదం. ఉప్పేసిన పలచటి మజ్జిగ, నిమ్మరసం చాలు. ఇంకో సంగతి, మిర్చి సీజన్లో మీ గుంటూరు యార్డు పక్క రోడ్డు జోలికి వెళ్లొద్దు. దీని వెనక సైన్సేమీ లేదు, దగ్గలేక చస్తాం.

చిన్నూ, నువ్వడిగిన బూట్ల సంగతి మీ నాన్న చెప్పాడు. అడుగున కార్బన్ రేకు పెట్టిన ఆ రేసు బూట్లు ఇప్పుడు కొననంటే కొనను. శివ్‌నాథ్ సింగ్ అని మన సైనికుడు ఒకాయన ఉండేవారు, చాలా పరుగులు ఉత్త కాళ్లతోనే పరిగెత్తారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో పదకొండో స్థానం. 1978లో జలంధర్‌లో ఆయన పెట్టిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. అలాగని నిన్ను ఉత్త కాళ్లతో పరిగెత్తమనను. మామూలు బూట్లు, కాలికి సరిపోయేవి, ముందు వేళ్ల దగ్గర బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండేవి కొందాం.

బుజ్జీ, నువ్వు నవ్వావు గానీ, అడిగితే నువ్వెందుకు పరిగెత్తవో చెప్పలేదు. మీ నాయనమ్మ "ఆడపిల్లకు రోడ్డు మీద పరుగేంటి" అన్నదని మీ అమ్మ చెప్పింది. ఒలింపిక్స్‌వాళ్లు కూడా 1984 దాకా ఆడవాళ్లకు మారథాన్ పెట్టలేదు, అంతదూరం తట్టుకోలేరని. నాయనమ్మతో నేను మాట్లాడతాను. ఆమెకు నా మీద కోపం వస్తే సాయంత్రానికి పోతుంది. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం మీకు దగ్గరే. పొద్దున్నే అక్కడ నడిచే ఆడవాళ్లు చాలామందే ఉంటారు, మీ అమ్మను తోడు తీసుకెళ్లు.

వచ్చే ఆదివారం కోసం మీ నాన్నతో చెప్పి ఇద్దరూ శనివారం రాత్రికే ఇక్కడికి వచ్చేయండి. ఐదింటికి బ్యారేజీ, రెండు సార్లు వెళ్లిరావడం, అంతే. చిన్నూ, నువ్వు నా పక్కనే ఉండాలి, ఒక్క అడుగు ముందుకేసినా పదమూడో ఎక్కం పైకి చెప్పిస్తాను. అయ్యాక గాంధీనగర్‌లో వెన్న ఇడ్లీ. ముల్లు దొరికిన ఆ టైరు దాచే ఉంచాను, మధ్యాహ్నం దాంతోనే పంక్చర్ పాఠం. పాత బట్టలు తెచ్చుకోండి, గొలుసు గ్రీజు ఓ పట్టాన వదలదు, మీ అమ్మతో నేను మాటలు పడలేను.

ఇట్లు
మీ పెదనాన్న