పాలు విరిచి చేసే సందేశ్

చిరంజీవులు పిల్లలకి, అమ్మమ్మ దీవెనలు.

మొన్న ఫోన్‌లో "ఆ బెంగాలీ స్వీటు ఎలా చేస్తావు అమ్మమ్మా?" అని అడిగారు కదా. నోటితో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

తాతయ్య రైల్వే ఉద్యోగం వల్ల మేం బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో చాలా ఏళ్ళు ఉన్నాం. రైల్వే పుణ్యమా అని అక్కడ తెలుగువాళ్ళు చాలామందే. పక్క క్వార్టర్స్‌లో ఉండే బెంగాలీ ఆవిడని నేను కాకిమా అనేదాన్ని, అంటే పిన్ని. సందేశ్ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ మాటకి అర్థం మన సందేశమే, కబురు. పూర్వం చుట్టాలింటికి కబురు తీసుకెళ్ళేవాళ్ళు ఈ మిఠాయి కూడా పట్టుకెళ్ళేవారని, అందుకే ఆ పేరని కాకిమా చెప్పేది.

మనింట్లో పాలు విరిగితే అయ్యో అంటాం. అక్కడ కావాలనే విరుస్తారు. పాలలో కేసీన్ అనే ప్రొటీన్ కంటికి కనపడని ఉండలుగా, ఒకదానికొకటి దూరంగా తేలుతూ ఉంటుంది. పులుపు తగలగానే ఆ దూరం పోయి అన్నీ ఒకచోట చేరతాయి. అదే విరుగుడు, బెంగాలీలో ఛానా.

లీటరు ఆవుపాలు తీసుకోండి. గేదెపాలతో అయితే ఛానా గట్టిగా, బరకగా వస్తుంది. పాలు పొంగగానే స్టవ్ ఆపి, రెండు నిమిషాలు ఆగండి. రెండు చెంచాల నిమ్మరసంలో అంతే నీళ్ళు కలిపి, కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా తిప్పండి. నీళ్ళు లేత ఆకుపచ్చగా తేటపడితే చాలు, ఇంక ఒక్క చుక్క కూడా వద్దు. పల్చటి బట్టలో వడకట్టి, పులుపు పోయేలా చన్నీళ్ళతో కడిగి, అరగంట వేలాడదీయండి. వేడి పాల పని అమ్మ పక్కనుంటేనే.

అసలు పని ఇప్పుడుంది. ఛానాని పళ్ళెంలో వేసి అరచేతి మొదలుతో (మణికట్టు దగ్గరి భాగంతో) ముందుకి తోస్తూ పది నిమిషాలు మెదపాలి. మొదట రవ్వలా చేతికి తగులుతుంది. తర్వాత పలుకు కరిగి, వెన్నలా నున్నగా అయి, అరచేయి కాస్త జిడ్డుగా మెరుస్తుంది. అప్పుడు ఆపేయాలి. కాకిమా కళ్ళు మూసుకుని వేళ్ళతోనే చూసేది. "పలుకు తగిలితే ఇంకా అవ్వలేదు" అనేది.

యాభై గ్రాముల పంచదార కలిపి, మందపాటి మూకుడులో బాగా సన్నటి సెగ మీద అయిదారు నిమిషాలు తిప్పండి. అంచులు వదిలి ముద్దయినా, ఇంకా మెత్తగా ఉండగానే దించేయాలి. నేను మొదటిసారి తొందరపడి మంట పెంచాను. ముద్ద ఎండిపోయి ఇసకలా రాలింది. కాకిమా ఏమీ అనకుండా లేచి, తనే ఇంకో లీటరు పాలు పొయ్యి మీద పెట్టింది. అది నేను ఎప్పటికీ మర్చిపోను.

చలికాలంలో పంచదార బదులు నొలెన్ గుర్ వేస్తారు. అది ఈతబెల్లం. మన పల్లెల్లో కల్లు తీసే ఈతచెట్టుకే అక్కడా రాత్రి కుండ కడతారు. ఎండెక్కితే నీరా పులిసిపోతుంది కనుక, తెల్లవారుజామునే దించి కాస్తారు. పొగ వాసన, పాకం వాసన కలిసి వస్తాయి. నాకైతే అసలు సందేశ్ అంటే అదే. దొరికితే తురిమి, ముద్ద దించే ముందు కలపండి.

గోరువెచ్చగా ఉండగానే అచ్చులో నొక్కాలి. కాకిమా ఇచ్చిన చేప అచ్చు, శంఖం అచ్చు మీ అమ్మ దగ్గరే ఉన్నాయి, పాత స్టీలు డబ్బాలో వెతకండి. అచ్చుకి కాస్త నెయ్యి రాయడం మర్చిపోకండి. విరిగిన నీళ్ళు పారబోయకుండా చపాతీ పిండి కలపమని అమ్మకి చెప్పండి.

మొదటి చేపని మధ్యకి విరిచి చూసి, లోపల నున్నగా ఉందో, పలుకుగా ఉందో నాకు రాయండి. పలుకుగా ఉంటే ఈసారి సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరి చేతులూ పట్టుకుని మెదపడం చూపిస్తాను.

మీ అమ్మమ్మ